నా ఎడమ చెయ్యి

బానేష్ బంతి ఎట్లుంటదని ఎవలన్న అడిగితే
నోటితోని చెప్ప, చెయ్యి చూపెడత.
చూపుడువేలు మొదట్ల ఈ బొడిపె వానిదే.
పద్నాలుగేండ్లు ఇసిరి ఇసిరి కట్టిండు.

సాస్తి కాలనీ వెనక, బొగ్గు లారీలు మలిగే కాడ
సున్నంతోని గీసుకున్న గ్రౌండు మాది.
పగటీలి ఓపెన్‌కాస్ట్‌ల బ్లాస్టింగ్ అయితే
హోమ్ ప్లేట్ కింద భూమి ఒక్కసారి దగ్గేది.
తెల్లగ తెచ్చిన బంతి మూడో ఇన్నింగ్స్‌కు నల్లగయ్యేది,
బ్యాటు పట్టినోనికి కనవడకపోయేది,
నాకూ కనవడకపోయేది.
వాని భుజం చూసి చెయ్యి పెట్టేటోన్ని.
చప్పుడైతే దొరికినట్టు.

గ్లవ్ చినిగితే రాజురా బస్టాండ్ కాడి లక్ష్మణ్ కాకా
కన్వేయర్ బెల్టు ముక్క లోపల వెట్టి కుట్టిండు.
"ఇది చెయ్యికారా, గేదె మూతికా?" అన్నడు.
పైసలు తీసుకోలే.

నాగపూర్ క్యాంపు, ఢిల్లీ క్యాంపు,
ఒక నీలి జెర్సీ, వీపు మీద పేరుల ఒక అక్షరం తప్పు.
అది దిద్దిచ్చేలోపే
భుజంల ఏందో తెగింది.

మూడేండ్లు ఫోన్ మోగలే.
నౌకరి అడగవోతే "మీ ఆట మా లిస్టుల లేదు" అన్నరు,
మరాఠీల అన్నరు, మర్యాదగనే అన్నరు.
వేబ్రిడ్జ్ కాడ కూసోని చిట్టీలు రాసిండు బానేష్,
నిండు లారీ ఇంత, ఖాళీ లారీ ఇంత.
ఆ కుడిచెయ్యికి పెన్నే బరువు.
ఒకనాడు చాయ్ తాగుకుంట అన్నడు,
"నా మీద ఏం లేదురా, ఊకెనే తూకం ఎక్కిస్తున్నరు."

స్లొవేనియాల ఒక ఊరంట. దాని పేరు పలుకుదమంటే
నాలిక చెప్పులిడిసి లోపలికి పోవాలె.
బేకరీ మీద ఒక అర్ర, పాత సైకిలు,
మంగళారం, బేస్తారం పిల్లలకు నేర్పుడు,
ఐతారం మ్యాచు.
చూసెటోళ్ళు నలభై మంది, కుక్కతోని కలిపి.

మొదటి నెల అందరు కొట్టిండ్రు వాన్ని.
రొట్టెలు కాల్చెటోడు కొట్టిండు, పండ్ల డాక్టరు కొట్టిండు,
బడిపిలగాడొకడు కంచె అవుతల చెర్రీ తోటల వడగొట్టిండు.
నైట్ షిఫ్టుల పంపు కాడ కూసోని
ఫోన్ల చూసిన నేను.
మోటరు చప్పుడుకు వాని మాట సగమే వినవడ్డది:
"స్పీడు రాలే. ఇగ రాదు కూడ."

అవుతల రెండు నెలలు ఏం పంపలే.

తర్వాత తెలిసింది. ఎన్నడో రిటైరైన పోస్ట్‌మాన్ ఒకాయన
వాని చేతుల కోడిగుడ్డు వెట్టిండంట.
గిట్లనే పట్టు, పలగొద్దు.
చెయ్యి మాత్రం పాత జోరుతోనే రావాలె,
బంతికి ఏం తొందర లేదు.
పన్నెండు గుడ్లు ఖరాబైనయంట.
పదమూడోది ఆయన పెనం మీద వేసి పెట్టిండంట.

దీపావళి దాటినంక వచ్చిండు, సీజన్ అయిపోయి.
సంచిల ఒక జామ్ సీసా, నాకో కొత్త గ్లవ్.
అది వద్దన్న. కాకా కుట్టిందే తొడుక్కున్న.
పొద్దుగాల మంచు, బొగ్గుపొగ, ఏది ఏదో తెల్వది.
వాడు మోకాలు లేపిండు. భుజం అదే.
చెయ్యి అదే లెక్క కొరడా తీరు వచ్చింది.
నా ఎడమ చెయ్యి, పద్నాలుగేండ్ల సదువుకున్నది,
టైముకు మూసుకుంది.

లోపల ఏం లేదు.

అప్పుడొచ్చింది బంతి, సుట్టపుచూపుకు వచ్చినట్టు,
నా రొమ్ముకు తాకి కాళ్ళకాడ వడ్డది.
వాడు నవ్వుతున్నడో, భయపడ్డడో
మంచుల కానరాలే.
"మార్చిల మళ్ళ పోవాలె," అన్నడు అక్కడికెల్లే,
"ఈసారి టికెట్ వాళ్ళే పంపిండ్రు."

ఇంకోటి ఎయ్ అన్న.
అదీ దొరకలే.
మూడోది వేళ్ళ కొసలకు రాసుకోని పోయి
రోడ్డు మీద లారీ ముంగట దొర్లింది.
డ్రైవర్ బ్రేకేసి, కిటికీల తల వెట్టి
మా ఇద్దరిని మరాఠీల తిట్టిండు.